ఏడో నియమం

గౌలీపురా, హైదరాబాద్
8 జూన్ 2025

బేబీ చెల్లెకు,

నేను వేణన్నను. కవరు మీద నా కోడిగీతలు చూసి, కరెంటు పోయిందని ఎవరో రాసిన ఫిర్యాదు అనుకొని మీ ఆఫీసు ఫైల్లో పెట్టేయకు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. క్రిస్మస్‌కు చేశాను, ఈస్టర్‌కు చేశాను. రెండుసార్లూ "బాగున్నవా అన్నా, వదిన బాగున్నదా, డ్యూటీల ఉన్న, మల్ల చేస్త" అన్నావు. ఆ 'మల్ల' ఇంకా రాలేదు. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయలేవు కదా, అదీ నా తెలివి.

ఇక్కడ మీ వదిన యశోద మోకాళ్ల నొప్పులతో, నేను నోటి దురుసుతో, ఇద్దరం ఎప్పటిలాగే ఉన్నాం. బర్రెలు పోయాయి, పాల ప్యాకెట్ల బూత్ మిగిలింది. మీ అన్న, నా దోస్తు కృపాకర్ పోయి మూడేళ్లయినా, పొద్దున అతని అర లీటరు పక్కకు తీసి పెట్టబోయి చేయి వెనక్కి తీసుకుంటున్నాను.

అసలు విషయానికి వస్తాను. మన ఆదివారం గుంపు ఇంకా ఉస్మాన్‌గంజ్‌లో రామ్‌చందర్ తూకం తరాజుల దుకాణం వెనక గదిలోనే కూర్చుంటోంది. గుంపు అంటే పెద్దగా ఊహించుకోకు, నలుగురం. పోయిన నెల బాలకిషన్ కూతురు భాగ్యశ్రీ వాళ్ల నాన్న మర్చిపోయిన కళ్లద్దాలు ఇద్దామని వచ్చింది. కాలేజీలో బొమ్మలూ డిజైన్లూ నేర్పే పిల్ల. బట్ట మీద గీసిన ఆరు మూలల గడులనూ, నువ్వు లాడ్ బజార్ నుంచి గాజుల లక్క తెచ్చి వత్తిన ఏనుగులనూ గుర్రాలనూ చూసి అక్కడే చతికిలబడింది. "అంకుల్, గివన్నీ మీరే చేసిన్రా? గిది బయట ఎక్కడ దొరకదు, తెలుసా?" అంది. పాతకాలం యుద్ధాలను గడుల మీద ఆడే ఆటలు పరదేశాల్లో బోలెడు ఉన్నాయట. శాతవాహనుల సేనతో ఆడేది, మన తెలుగులో నియమాలున్నది, ఆమె చూసినంతలో ఇదొక్కటేనట. డబ్బాలో పెట్టి, నియమాల పుస్తకంతో సహా అచ్చు వేయిద్దాం అంటోంది.

నియమాలు నా బుర్రలో ఉన్నాయి కానీ, ఈ మధ్య నా బుర్రను నేనే నమ్మడం లేదు. కృపాకర్ కుట్టి బైండు చేసిన ఎర్ర కాలికో గుడ్డ అట్ట నోటుబుక్కు అతని పెట్టెతో పాటు నీ దగ్గరికే వచ్చి ఉండాలి. పంపుతావా?

ఆట మీద నీకు కోపం ఉందని తెలుసు. నా మీద ఇంకా ఎక్కువ ఉందనీ తెలుసు. పదిహేడేళ్లుగా ఆ సంగతి ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తను. పుస్తకం మాత్రం పంపు తల్లీ.

నీ వేణన్న


జహీరాబాద్
21 జూన్ 2025

వేణన్నకు వందనాలు.

పుస్తకం పెట్టెలోనే ఉంది, అన్న కళ్లద్దాల కింద. ఇన్నాళ్లూ తెరవలేదు. పంపను. పోస్టులో పాడైతే మళ్లీ కుట్టేవాడు లేడు. ఆఫీసు నుంచి వచ్చాక కొంచెం కొంచెం రాసి పంపుతాను. మొదటి ఆరూ ఇవి. అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు దించాను.

ఒకటి. ప్రతి పావుకూ ముఖం ఉంటుంది. లక్క మీద గాటు ఉన్న వైపే ముఖం.

రెండు. ముఖం ఎదుట ఉన్న మూడు గడులూ ఆ పావు పట్టు. శత్రువు పట్టులో కాలు పెట్టిన పావు అక్కడే ఆగాలి, దాటిపోరాదు.

మూడు. ముఖం వైపు కాకుండా పక్క నుంచో వెనక నుంచో పొడిస్తే అది పక్కపోటు. పక్కపోటు తిన్న పావుకు బలం సగమే.

నాలుగు. ఓడిన పావు వెనక్కి తగ్గాలి. గెలిచిన పావు ఆ ఖాళీ అయిన గడిలోకి తప్పక రావాలి.

అయిదు. వెనక గడులన్నీ శత్రువు పట్టులో ఉంటే తగ్గే దారి లేదు. ఆ పావు చచ్చినట్టే.

ఆరు. ఏనుగు చస్తే దాని పక్కనున్న సొంత పావులు బెదిరిపోయి ఒక వంతు కదలవు.

రాస్తుంటే నవ్వొచ్చింది. రెండో నియమం పుట్టిన రోజు నువ్వూ అన్నా అఫ్జల్‌గంజ్ బస్టాపులో అరుచుకుంటుంటే పోలీసాయన వచ్చి "క్యా లఫ్డా హై?" అన్నాడు. అన్న చేతులు కట్టుకొని "ఏం లేదు సార్, ఏనుగు గురించి" అన్నాడు. ఆయన మీ ఇద్దరి నోర్లూ వాసన చూసి పోయాడు.

ఒక సంగతి అడగాలి. ఆరు తర్వాత పుస్తకంలో ఎనిమిది ఉంది. ఏడు లేదు. రాయడం మర్చిపోయారా?

బేబీ


గౌలీపురా
10 జులై 2025

బేబీ చెల్లెకు,

నీ అక్షరాలు చూసి భాగ్యశ్రీ "అచ్చు అక్కర్లేదు అంకుల్, గిట్లనే ఫోటో తీసి పెడ్దాం" అంటోంది. నీ చేతిరాత ముందు నాది కోడి కూడా ఒప్పుకోదు.

ఇంకో పది రోజుల్లో బోనాలు. సందు మొదట్లో పందిరి వేశారు, పందిరికి ముందే మైకు వచ్చింది, మైకుకు ముందే లొల్లి మొదలైంది. యశోద బోనం ఎత్తుతానంటోంది. "నీ మోకాళ్లు చూస్కున్నవా?" అంటే "నా మోకాళ్ల సంగతి అమ్మవారు చూస్కుంటది, నీ నోటి సంగతి ఎవరు చూస్కుంటరో" అంది. వానలు మాత్రం మస్తు పడుతున్నాయి. మూసీ ఒడ్డున బురద తగ్గేదాకా ఉస్మాన్‌గంజ్‌కు నడిచి పోలేక ఆటోలో పోతున్నాను.

రామ్‌చందర్ నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు. ఆ రోజు గెలిచిన కప్పులో ఇప్పుడు చిన్న తూకం రాళ్లు వేసుకున్నాడు. పుణె పోటీకి పోయి మొదటి ఆటలోనే ఓడి వచ్చినవాడికి కప్పు మీద అంతకన్నా మర్యాద ఏముంటుంది?

ఏడు గురించి అడిగావు. ఏదో చిన్న సవరణ అయి ఉంటుంది, నాకు సరిగా గుర్తు లేదు. దానికి ఫికర్ చేయకు. ఎనిమిదిని ఏడు చేసి, తొమ్మిదిని ఎనిమిది చేస్తే సరిపోతుంది. చదివేవాడికి ఏం తెలుస్తుంది? మిగతావి పంపు.

వేణన్న


జహీరాబాద్
3 ఆగస్టు 2025

వేణన్నకు,

నీ ఉత్తరం రెండు పేజీలు. అందులో పేజీన్నర బోనాలు, బురద, వదిన మోకాళ్లు. నేను అడిగినదానికి నాలుగు ముక్కలు. నువ్వు ఆటలోనూ అంతే. ఎడమ పక్క భయం ఉంటే కుడి పక్క పావులను తెగ కదుపుతావు.

అన్న ముప్పై ఏళ్లు సర్కారీ ప్రెస్సులో బైండరు. నోటుబుక్కు కుట్టాలంటే నాలుగు కాగితాలు కలిపి మడిచి ఒక కట్టు చేస్తాడు. కట్టుకు ఎనిమిది ఆకులు. స్కూలు సెలవుల్లో ఆ మడతలు పెట్టింది నేనే కాబట్టి నాకు తెలుసు. ఈ పుస్తకంలో పది కట్లు ఉన్నాయి. అన్నింటికీ ఎనిమిదేసి ఆకులు ఉన్నాయి. రెండో కట్టుకు మాత్రం ఏడు.

ఆకు చింపితే దాని జోడీ ఆకు వదులై ఊడి వస్తుంది. ఇక్కడ ఊడలేదు. కత్తితో కోసి, దారం దగ్గర మిగిలిన అంచును పక్క ఆకుకు మైదా జిగురుతో అతికించారు. వేలితో తడిమితే తప్ప కంటికి కనబడదు. అంత శుభ్రంగా అతికించే చేయి నాకు తెలిసి ఒక్కటే.

అన్న ఒక ఆకు ఎందుకు కోసేశాడు? కోసినవాడు, తర్వాత రాసిన నియమానికి ఏడు అని ఎందుకు పెట్టలేదు? ఆ అంకె వదిలేసి ఎనిమిది అని ఎందుకు మొదలుపెట్టాడు? నువ్వు ఒక్క లైనులో చేసేద్దామన్న పని అన్న బతికినన్నాళ్లూ చేయలేకపోయాడు.

నీకు గుర్తు లేదన్నావు. నా గుర్తు చెబుతాను. 2008 ఆగస్టు పదో తేదీ, ఆదివారం. గెలిచినవాళ్లు పుణెలో ఇలాంటి యుద్ధాల ఆటల పోటీకి పోవాలి. రామ్‌చందరన్నకూ నాకూ ఆట, నువ్వు అంపైరువు. నా ఏనుగును కావాలనే ముందుకు తోశాను. అది ఓడి వెనక్కి తగ్గితే, రామ్‌చందరన్న గుర్రం ఆ గడిలోకి రావాలి. వస్తే దాని పక్క నా రెండు గుర్రాలకూ దొరుకుతుంది. ఏనుగు వెనక మూడు గడులూ ఆయన పట్టులో ఉన్నాయి. కానీ మధ్య గడిలో నా కాల్బలం నిలబడి ఉంది. "వేణన్నా, నా కాల్బలం ఉన్నది కద, గా గడిల పట్టు చెల్లది కద?" అని అడిగాను. నువ్వు "ఉన్నా లేకున్నా పట్టు పట్టే. ఏనుగు సచ్చింది, తియ్" అన్నావు. ఏనుగు పోయింది. గుర్రాలు బెదిరి ఆగిపోయాయి. నాలుగు వంతుల్లో నేను ఓడిపోయాను.

ఆ ఆకులో ఏముంది?

బేబీ


గౌలీపురా
14 ఆగస్టు 2025

బేబీ,

ఆ ఆకు ఈ కవరులో ఉంది. ముందు అది చదువు, తర్వాత నన్ను చదువు.

చదివావు కదా. "ఏడు. శత్రువు పట్టులో ఉన్న గడిలో సొంత పావు నిలబడి ఉంటే, తగ్గే పావుకు ఆ పట్టు చెల్లదు. ఆ గడి గుండా వెనక్కి పోవచ్చు." కింద తేదీ 27 జులై 2008. నీ ఆటకు సరిగ్గా రెండు వారాల ముందు. చేతిరాత నాది. కృపాకర్ చెబుతుంటే నేనే రాశాను.

నువ్వు ఆ రోజు చెప్పింది అక్షరాలా నిజం. నేను చెప్పింది తప్పు.

తప్పు ఎలా చేశానో కూడా చెప్పాలి. నాకు పాత పద్ధతే నోటికొచ్చింది, అనేశాను. కానీ నువ్వు "చెల్లది కద?" అన్నప్పుడే ఏదో రాసినట్టు లీలగా గుర్తొచ్చింది. పుస్తకం నా ఒళ్లోనే ఉంది, నా అరచేయి దాని అట్ట మీదే ఉంది. తెరవలేదు. ఎందుకో నీకు తెలుసు. ఆట మొదలయ్యాక అంపైరు పుస్తకం తెరవకూడదని మన కట్టుబాటు. ఆ కట్టుబాటు పెట్టింది నేనే. బాలకిషన్ అంపైరుగా ఉన్నప్పుడు ప్రతి ఎత్తుకూ పుస్తకం తిరగేస్తున్నాడని "పంతులూ, ముహూర్తం దొరికిందా?" అని ఏడిపించి, అతన్ని ఆ కుర్చీలోంచి లేపిందీ నేనే. అలాంటివాడిని అందరి ముందూ పుస్తకం తెరిస్తే నన్నేమంటారు? గదిలో పదిహేను మంది ఉన్నారు. నేను వాళ్ల ముఖాలు చూశాను, నీ ముఖం చూడలేదు.

సాయంత్రం ఇంట్లో తెరిచాను. పొద్దున పాలకు వచ్చిన కృపాకర్‌కు చూపించాను. అప్పటికి అతనికీ తెలుసు. ఆట చూస్తూ పక్కనే కూర్చున్నాడు కదా. చూసేవాళ్లు నోరు విప్పకూడదన్నది ఇంకో కట్టుబాటు. "ఇప్పుడు చెప్తే ఏమైతది? రామ్‌చందర్ టికెట్ తీస్కున్నడు. నీ ఇజ్జత్ పోతది, గుంపు చెదిరిపోతది. బేబీ ఏముంది, నాల్గు దినాలు అలుగుతది, మల్ల వస్తది" అన్నాడు. ఆ మాట నాకు చాలా తీపిగా వినబడింది. పుస్తకం పట్టుకుపోయి, మూడు రోజుల తర్వాత ఆకు కోసి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "చింపెయ్" అన్నాడు. తల ఎత్తలేదు.

చింపలేకపోయాను. బూత్‌లో దేవుడి పటం వెనక పెట్టాను. పదిహేడేళ్లుగా పొద్దున అగరుబత్తి వెలిగిస్తే ఆ ఆకుకే వెలిగించినట్టు ఉండేది. పుస్తకం పంపమని రాసినప్పుడు నువ్వు ఏడు గురించి అడుగుతావని భయపడ్డాను. అడగాలనీ కోరుకున్నాను. అడిగాక మళ్లీ పారిపోయాను.

నీకు కోపం వచ్చి ఆట మానేశావు, ట్రాన్స్‌ఫర్ పెట్టుకొని ఊరు విడిచావు. ఆ కోపం నాకు తగిన శిక్షే. తిట్టు చెల్లె, ఎంత తిట్టినా పడతాను.

వేణు


జహీరాబాద్
28 సెప్టెంబరు 2025

వేణన్నకు,

ఆరు వారాలు పట్టింది, ఈ ఉత్తరం రాయడానికి. రెండు ఉత్తరాల్లో నా కోపం గురించి రాశావు. అది చదివిన రెండుసార్లూ నువ్వు ఎవరి గురించి రాస్తున్నావో నాకు అర్థం కాలేదు.

నాకు కోపం రాలేదు. ఆ రోజు రాలేదు, తర్వాతా రాలేదు. నేను నిన్ను నమ్మాను.

ఆ ఆకు రాస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. చాటలో పల్లీలు ఒలుస్తున్నాను. అన్న చెప్పడం విన్నాను, నువ్వు రాయడం చూశాను. నా ఆట అంతా దాని మీదే కట్టాను. అందుకే బండి మీద ఇంటికి పోతూ అడిగాను, "అన్నా, నిజంగ లేదా గా రూలు? నేను చూసిన కద" అని. "వేణు చెప్పిండు కద" అన్నాడు. వారం తర్వాత మళ్లీ అడిగాను. అన్న పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. "చూస్కో బేబీ. ఉంటే చూపియ్." ఆరు దాకా ఉంది. ఆ తర్వాత అన్నీ ఖాళీ ఆకులే. ఆ రోజు ఆకులు లెక్కపెట్టాలని తోచలేదు. సొంత అన్న ముందు ఎవరు లెక్కపెడతారు?

లేనిదాన్ని నేను చూశాను, విననిదాన్ని విన్నాను అనుకున్నాను. నాకు ఏదో అయిందని భయపడ్డాను. ఆట మానేసింది అందుకు. అలిగి కాదు.

ఆ డిసెంబరులో డిపార్ట్‌మెంటు పరీక్ష. జూనియర్ అసిస్టెంటు నుంచి పైకి పోయే పరీక్ష. రెండేళ్లు చదివాను. హాల్లో కూర్చుంటే ప్రతి జవాబు దగ్గరా అదే మాట. నీకు గుర్తున్నది నిజమేనా? పదకొండు చోట్ల పెట్టిన జవాబు కొట్టేసి ఇంకోటి పెట్టాను. తర్వాత ఆఫీసులో సరైన జవాబులు అంటించినప్పుడు చూసుకుంటే, కొట్టేసిన వాటిలో తొమ్మిది సరైనవి. నాలుగు మార్కులతో పోయింది. మళ్లీ ఆ పరీక్ష రాయలేదు. ఇక్కడికి వచ్చేశాను. ఇప్పటికీ ఇంటికి తాళం వేసి సందు చివరి దాకా పోయి వెనక్కి వస్తాను, వేశానో లేదో చూడటానికి. ఆఫీసులో నన్ను జాగ్రత్తపరురాలు అంటారు. అది జాగ్రత్త కాదన్నా.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆకును పుస్తకంలో దాని చోట పెట్టి చూశాను. కత్తి గీత అంచుకు అంచు కలిసింది. నా బుర్ర బాగానే ఉందని అప్పుడు తెలిసింది. నలభై ఎనిమిదేళ్లకు తెలిసింది.

అన్న మీద ఏడుపు వస్తోంది. కోపం తెచ్చుకుందామంటే మనిషి లేడు. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో నా చేయి పట్టుకొని "పుస్తకం జాగ్రత్త బేబీ, ఒకసారి చూడు" అని రెండుసార్లు అన్నాడు. జ్వరం మాట అనుకున్నాను.

మిగతా నియమాలు ఈ కవరులో ఉన్నాయి. పని ఆపవద్దు.

బేబీ


గౌలీపురా
13 అక్టోబరు 2025

బేబీ,

నీ ఉత్తరం చదివి బూత్ మూసేశాను. యశోద ఏమైందని అడిగితే ఉత్తరం ఆమె చేతిలో పెట్టాను. చదివి, "నాకు గూడ చెప్పలే గదా నువ్వు" అంది. రెండు రోజులుగా నాకు చాయ్ గ్లాసు చేతికి ఇవ్వకుండా గట్టు మీద పెట్టి పోతోంది.

నీ కోపాన్ని పదిహేడేళ్లు మోశాననుకున్నాను. అసలు లేని కోపాన్ని మోస్తూ, నాలో నేనే పెద్ద మనిషిలా బాధపడ్డాను. అక్కడ నువ్వు పరీక్ష హాల్లో సరైన జవాబులు కొట్టేసుకుంటున్నావు. క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు. అయినా అడుగుతున్నాను.

నిన్న ఆదివారం గుంపులో అందరి ముందూ చెప్పాను. ఆకు సంగతి, పుస్తకం ఒళ్లో పెట్టుకొని తెరవని సంగతి, మొత్తం. బాలకిషన్ "పంతులూ అన్నవ్ కదా నన్ను" అన్నాడు. రామ్‌చందర్ లేచి కప్పులోంచి తూకం రాళ్లు బల్ల మీద పోసి, కప్పు కడిగి తుడిచి నా ముందు పెట్టాడు. "గిది నాది కాదు భాయ్, బేబీకి పంపు" అన్నాడు.

నా దగ్గర ఆ ఆట ఎత్తులు రాసిన కాగితం ఉంది. ఆ రోజు ఉన్నట్టే పావులన్నీ బట్ట మీద పెట్టించాను. నీ ఏనుగును మళ్లీ నిలబెట్టాం. ఏడో నియమం ప్రకారం అది కాల్బలం గడి గుండా వెనక్కి తగ్గింది. రామ్‌చందర్ గుర్రం ఆ ఖాళీ గడిలోకి వచ్చింది. దాని పక్క తెరుచుకొని ఉంది. ఇప్పుడు ఎత్తు నీది. బొమ్మ గీసి పంపుతున్నాను. నువ్వు ఉత్తరంలో రాస్తే మేం కదుపుతాం. ఎన్ని నెలలైనా సరే, బట్ట మడవం.

వేణు


జహీరాబాద్
9 నవంబరు 2025

వేణన్నకు,

బొమ్మ అందింది. గోడకు అంటించి మూడు వారాలు చూశాను.

పక్కపోటు ఒక్కటే కాదన్నా నేను అనుకున్నది. అదైతే ఎవరికైనా కనబడుతుంది. దాని తర్వాత ఇంకా మూడు ఎత్తులు ఉన్నాయి నా మనసులో. ఎడమ పక్క కాల్బలంతో ఏదో చేయాలనుకున్నాను. ఆ రోజు బండి మీద వస్తూ కూడా దాన్నే తలుచుకొని నాలో నేను నవ్వుకున్నాను, రామ్‌చందరన్న ముఖం ఎలా అవుతుందో అని. నవ్వుకున్నది గుర్తుంది. ఎత్తు గుర్తు లేదు. ఎంత వెతికినా దొరకడం లేదు. ఆ ఆట ఆడాల్సిన మనిషి ముప్పై ఒక్క ఏళ్ల బేబీ. ఆమె ఇక్కడ లేదు. బట్ట మడిచేయండి.

కప్పు వద్దు. రామ్‌చందరన్న తప్పు ఏమీ లేదు, రాళ్లు అందులోనే వేసుకొమ్మను.

క్షమించమన్నావు. క్షమించాను అని రాయడం సులువే, రాసి కొట్టేశాను. ఇంకా కాలేదు. అయినప్పుడు చెబుతాను. కానీ నువ్వు ఆకు చింపనందుకు, అబద్ధం చెప్పి కూడా అన్న ఆ అంకె ఖాళీగా వదిలినందుకు మాత్రం మనసు కొంచెం ఊరుకుంది.

అచ్చు వేసే పుస్తకంలో ఏడో నియమం ఏడుగానే ఉండాలి. ఒకటికి ముందు ఇంకో నియమం చేర్చండి. నేను అడిగేది ఇది ఒక్కటే. "అంపైరుకు అనుమానం వస్తే, ఆట ఆపి, అందరి ముందూ పుస్తకం తెరవాలి." దాని కింద ఎవరి పేరూ అక్కర్లేదు.

బేబీ


గౌలీపురా
1 డిసెంబరు 2025

బేబీ చెల్లెకు,

నువ్వు చెప్పినట్టే అన్నీ జరిగాయి. బట్ట మడిచాం. కప్పులోకి రాళ్లు వెళ్లాయి. భాగ్యశ్రీ నమూనా పుస్తకం ఒకటి అచ్చు వేసి తెచ్చింది. నీ నియమం మొదటి పేజీలో, అన్నిటికన్నా పైన ఉంది.

నిన్న ఆదివారం దానితోనే మొదటి ఆట ఆడించాం. భాగ్యశ్రీకీ రామ్‌చందర్‌కూ ఆట. నేను అంపైరు కుర్చీ వద్దన్నాను. బాలకిషన్ ఒప్పుకోలేదు. "నువ్వే కూసో. నువ్వు కూసుంటెనే చూడాల నేను" అన్నాడు.

సగం ఆటలో భాగ్యశ్రీ కాల్బలం ఓడింది. వెనక ఉన్న గడుల్లో ఒకదానిలో ఆమె ఏనుగు నిలబడి ఉంది, మిగతావి రామ్‌చందర్ పట్టులో ఉన్నాయి. ఏనుగు ముఖం అడ్డంగా తిరిగి ఉంది. "అంకుల్, ఏనుగు అటు తిరిగి ఉంటె గూడ నా కాల్బలం పోవచ్చా?" అని అడిగింది. నాకు తెలుసనే అనిపించింది. పోవచ్చు అని నోటి దాకా వచ్చింది. అందరూ నన్నే చూస్తున్నారు.

"ఆట ఆపుండ్రి" అన్నాను. పుస్తకం బల్ల మీద పెట్టి తెరిచాను. ఏడో నియమం తీసి గట్టిగా చదివాను. ముఖం ఎటు ఉండాలని అందులో లేదు, నిలబడి ఉంటే చాలు. "పోవచ్చు బిడ్డా" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆమె కాల్బలాన్ని వెనక్కి జరుపుకుంది, ఆట సాగింది.

తెరిచే ముందు గోడ గడియారం చూశాను, మూసిన తర్వాత మళ్లీ చూశాను. నీకు చెప్పాలనే చూశాను బేబీ. పేజీ వెతికి, చదివి, మూయడానికి నాకు పట్టింది ఒక్క నిమిషం.

వేణు